అరసన్ కాస్తా అరసు అయింది

1976 జూన్‌లో నన్ను తిరుత్తణి దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పే బి.టి. అసిస్టెంటుగా వేశారు. నావి తెలుగు మాధ్యమం తరగతులు. జిల్లా విద్యాధికారి తనిఖీకి వచ్చి, పాఠం విని, బాగుందని రాస్తేనే ప్రొబేషన్ ముగిసి ఉద్యోగం ఖాయమయ్యేది.

తిరువళ్ళూరు నుంచి ఆయన వచ్చిన రోజున పదో తరగతిలో పాత యూరప్ రాజుల పాఠం నడుస్తోంది. ‘దుర్మార్గుడైన రాజును చంపవచ్చునా?’ అని బోర్డు మీద రాసి, పిల్లల్ని రెండు జట్లు చేసి వాదించుకోమన్నాను. నాలుగు వందల ఏళ్ల కిందట అక్కడి పండితులు దీని మీద జుట్లు పట్టుకున్నారు. గద్దెను కాజేసినవాణ్ణి ఎవరైనా చంపవచ్చన్నారు కొందరు. న్యాయంగా గద్దెనెక్కి తర్వాత చెడినవాణ్ణి మాత్రం మామూలు మనిషి ముట్టుకోరాదు, రాజు కింది అధికారులే అడ్డుకోవాలన్నారు మరికొందరు. మా పిల్లలకు ఇది కోడిపందెం కంటే రుచించింది.

అధికారికి తెలుగు రాదు. వెనక బెంచీలో కూర్చుని, ఏం జరుగుతోందని పళ్ళిపట్టు నుంచి వచ్చే మునెమ్మ అనే అమ్మాయిని తమిళంలో అడిగారు. పెద్దాయన ముందు మామూలు మాటలెందుకని ఆ పిల్ల గ్రాంథిక తమిళం అందుకుంది. తమిళంలో అరసన్ అంటే రాజు, అరసు అంటే ప్రభుత్వం. కంగారులో అరసన్‌ను అరసు చేసి, ప్రభుత్వాన్ని చంపవచ్చునా అని మాట్లాడుకుంటున్నామని చెప్పేసింది!

అవి ఎమర్జెన్సీ రోజులు. రాష్ట్ర ప్రభుత్వాన్ని రద్దు చేసి ఏడాది కూడా కాలేదు. అధికారి వెంట వచ్చిన హెడ్మాస్టరు నా చెవిలో, “యాడ పట్టుకొచ్చినావయ్యా ఈ పాఠం? నీతో పాటు నా ఉద్యోగం కూడా పాయె!” అన్నారు.

ఎవరు చంపుతారట, అని అధికారి బిగిసిన ముఖంతో అడిగారు. మునెమ్మ నా వైపు తిరిగి, “మనం చంపకూడదని చెప్పినారు గదా సార్?” అని రూఢి చేసుకుంది. తర్వాత ఆయనకు తమిళంలో వివరించింది. ఈసారి రాజా అనే అంది: రాజా తప్పు చేస్తే మాలాంటివాళ్లం చెయ్యి ఎత్తకూడదు, ఆయన కింది ఆఫీసర్లే నిలదీయాలి.

“అంటే ఎవరు?”

“మీరే సార్.”

అధికారి బెంచీ చరుస్తూ నవ్వారు. పిల్లలు పాఠం అర్థం చేసుకుని వాదిస్తున్నారని నివేదికలో రాశారు. నా ఉద్యోగం నిలిచింది, నాకు పట్టరాని సంతోషం కలిగింది.

తిరగబడే హక్కు గురించి చెప్పేవాడు అది ఎవరికి లేదో ముందు చెప్పాలని ఆనాడు తెలుసుకున్నాను. తర్వాత ఏటా ఆ వరసలోనే చెప్పాను. ఎవరికి ఉందన్న ప్రశ్నకు మాత్రం తనిఖీకి వచ్చినవారినే జవాబు చెప్పమనేవాణ్ణి. మళ్లీ ఎవరూ మునెమ్మ అంత సూటిగా చెప్పలేదు.