సున్నం గోడల జోగేశ్వరరావు

పెద్దాపురంలో ఇళ్ళకు ప్లాన్లు గీసి, మున్సిపాలిటీలో సాంక్షను తెచ్చిపెట్టే జోగేశ్వరరావుగారికి ఒకటే జబ్బు. ఇంటిని కాగితం మీద చూపించడమంటే ఆయనకు గిట్టదు. ముందు ఖాళీ స్థలంలో అసలు కొలతలతో సున్నం ముగ్గు పోస్తారు. ఆ తర్వాత ఇంటిల్లిపాదినీ అందులో కాపురం చేయిస్తారు. వండేవాళ్ళు వంటగదిలో పీట వేసుకోవాలి, పడుకునేవాళ్ళు పడకగదిలో చాప వేసుకోవాలి. దారినపోయేవాళ్ళు ఆగి నవ్వుకుంటే ఆయనకేం పట్టదు.

ఎవరైనా సున్నం గీత దాటితే "గోడండి" అంటారు. గొంతు పెంచరు. కానీ ఆ మనిషి వెనక్కి వెళ్ళి గుమ్మంలోంచి వచ్చేదాకా పని ముందుకు సాగదు. రైసుమిల్లు బుజ్జిబాబు ఆకలి మీద మూడు గోడలు దాటేస్తే, ఆయన్ని మళ్ళీ పడకగది చాప మీద నుంచి బయల్దేరదీశారు.

గీత గీతకూ ఒక రూలు చెబుతారు. "ఈ పక్క మూడడుగులు వదలాలండి, రూలు. మీ గాలి మీది, పక్కింటివాళ్ళ గాలి వాళ్ళది." వంటింటి కిటికీ రెండంగుళాలు తగ్గిందని సొంత బావమరిది ప్లానే విసిరికొట్టిన మనిషి. ఆ దెబ్బతో మూడేళ్ళు అత్తారింటి గడప తొక్కలేదు.

డెబ్బై ఎనిమిదిలో ఉగాది వెళ్ళిన వారానికి, బెల్లం వర్తకుడు కాశీవిశ్వనాథం ఆయన దగ్గరకు వచ్చాడు. కొట్టు వెనకాల పాత ఇంటి దూలాలకు చెద పట్టింది. పక్క వీధిలో స్థలం ఉంది గాని, అది తల్లి అన్నపూర్ణమ్మ పేరున ఉంది. ప్లాను నాలుగు కాపీల మీదా ఆవిడ సంతకం కావాలి. ఆవిడ పెట్టదు. ఇప్పటికి ఇద్దరు గీసిన ప్లాన్లు చేత్తో పట్టుకుని "బాగాలేదురా" అని తిప్పికొట్టింది. రెండోసారి బ్లూప్రింటును తలకిందులుగా పట్టుకుంది. అది తలకిందులని కొడుక్కీ తెలియదు కనుక సరిచేసినవాళ్ళు లేరు.

"వైశాఖం దాటితే మళ్ళీ శ్రావణం దాకా ముహూర్తం లేదంటున్నారండి సిద్ధాంతిగారు. వానలకి ఆ దూలాలు ఆగవు" అన్నాడు కాశీవిశ్వనాథం.

"నడిచి చూస్తే ఆవిడే ఒప్పుకుంటారండి" అన్నారు జోగేశ్వరరావుగారు.

మర్నాడు అందరూ ముగ్గులో దిగారు. కాశీవిశ్వనాథం భార్య కన్యక వంటగదిలో కూర్చుని, వీధిలో ఎవరొచ్చిందీ కనబడట్లేదని కిటికీ మార్పించింది. కాశీవిశ్వనాథం నాలుగుసార్లు "గోడండి" అనిపించుకున్నాడు. తర్వాత అన్నపూర్ణమ్మ లేచింది. తిన్నగా దేవుడి గది గోడ దాటి, స్నానాలగది గోడ దాటి, సెప్టిక్ ట్యాంకు నడిబొడ్డున నిలబడింది.

అందరూ "గోడండి" కోసం ఎదురుచూశారు. జోగేశ్వరరావుగారు నోరు తెరిచి, మళ్ళీ మూసేశారు.

"మా అమ్మ గోడలు దాటితే మీకు కనబడలేదాండి?" అన్నాడు కాశీవిశ్వనాథం ఉక్రోషంగా.

ఆయన ఆవిడ వైపు తిరిగారు. "అమ్మగారూ, పాత ఇంట్లో మంచం దగ్గర్నుంచి స్నానాలగదికి ఎన్ని అడుగులండి?"

"తొమ్మిది" అంది అన్నపూర్ణమ్మ తడుముకోకుండా.

ఆయన ఆ అంకె పుస్తకంలో రాసుకున్నారు. సొంత ఇంట్లో అడుగులు లెక్కపెట్టుకునేవాళ్ళుంటారా అని కాశీవిశ్వనాథానికి వింతగా తోచింది.

తెల్లారేసరికి సున్నం గీతలన్నిటి మీదా ఇటుకలు పేర్చి ఉన్నాయి. "నలభై ఒకటి-బి రూలండి. స్థలం ఎవరి పేరునుందో వాళ్ళు నలభై రోజులు పొద్దునా సాయంత్రం ఇంట్లో నడవాలి. నడిస్తేనే సాంక్షను" అన్నారు జోగేశ్వరరావుగారు.

"ఇదెక్కడి రూలండి? బుజ్జిబాబుకి చెప్పలేదే."

"ఆయన స్థలం ఆయన పేరునే ఉందిగా. ఇది ఆడవాళ్ళ పేరున ఉంటేనండి."

నలభై రోజులూ ఆవిడ పక్కనే ఆయనా నడిచారు. స్నానాలగది గుమ్మాన్ని మూడుసార్లు జరిపి, మంచం నుంచి సరిగ్గా తొమ్మిది అడుగులకు తెచ్చారు. "ఇక్కడ కుడిచెయ్యి చాపితే దేవుడి గూడండి" అని ఆయన అనడం కాశీవిశ్వనాథం చెవిన పడింది. ఏమిటీ వ్యవహారమని తల్లినడిగితే, "రూలంటున్నారుగా, నీకెందుకు" అంది.

నలభయ్యో రోజున "కాగితాలు తే" అంది అన్నపూర్ణమ్మ. సంతకం పెట్టాల్సిన చోట ప్రతి కాపీకీ జోగేశ్వరరావుగారు ఒక మడత పెట్టి ఉంచారు. ఆవిడ ఎడమచేతి వేలు ఆ మడత వెంట జరుగుతుంటే, కుడిచెయ్యి దాని పైన సంతకం చేసింది. ఇదీ ఆయన పిచ్చిలో భాగమే అనుకున్నాడు కొడుకు.

సాంక్షను తెచ్చుకునే రోజున ఉండబట్టలేక, మున్సిపలాఫీసులో గుమాస్తా అబ్బులుని అడిగాడు. "నలభై ఒకటి-బి ఏ పేజీలో ఉందండి?"

అబ్బులు రూల్సు పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. "ముప్ఫై ఎనిమిదితో అయిపోయిందండి పుస్తకం."

కాశీవిశ్వనాథానికి ముందు ఒళ్ళు మండింది. ఎండలో నలభై రోజులు అమ్మని తిప్పాడా ఈ మనిషి. మెట్లు దిగుతుంటే తొమ్మిది అడుగులు గుర్తొచ్చాయి. తర్వాత ఇటుకలు, ఆ తర్వాత కాగితం మడత. ఒకే కంచంలో కలుపుకు తిన్నట్టు బతుకుతూ కూడా అమ్మ సంగతి కనిపెట్టలేకపోయినందుకు చెప్పలేనంత సిగ్గేసింది.

తిన్నగా జోగేశ్వరరావుగారింటికి వెళ్ళాడు. "మా అమ్మకి చూపు లేదు కదండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మనుషులు నీడల్లా కనబడతారట. గీతలు ఆనవు. కళ్ళలో నీటికాసుల జబ్బట, పోయిన చూపు రాదన్నార్ట కాకినాడ కంటాసుపత్రిలో. మీకు తెలిస్తే కుర్చీలో కూర్చోబెట్టి కదలనివ్వరని ఆవిడ భయం. పాత ఇల్లు ఆవిడ కాళ్ళకి తెలుసండి. కొత్తది తెలీదు. అందుకే సంతకం పెట్టలేదు."

"నాకొక్క ముక్క చెప్పొచ్చు కదండి."

"చెప్పనని ఆవిడకి మాటిచ్చానండి. మీరు రూల్సు చదువుకుని తెలుసుకున్నారు. అది నా తప్పు కాదు."

"లేని రూలు పెట్టేశారేంటండి, మీరే."

"పెట్టకూడదని ఆ పుస్తకంలో ఎక్కడా లేదండి. మొత్తం చూశాను" అన్నారు జోగేశ్వరరావుగారు.

ఇల్లు లేచింది. గృహప్రవేశం అయిన వారానికి కన్యక హాల్లో కొత్త సోఫాని కిటికీ కిందకి జరుపుదామంది. ఒక కొస పట్టుకుంది కూడా.

"జరపకూడదు" అన్నాడు కాశీవిశ్వనాథం. "నలభై ఒకటి-సి. హాల్లో సామాను ఒకసారి పెట్టాక కదపకూడదు."

మంచం మీంచి లేచి స్నానాలగదికి వెళ్తున్న అన్నపూర్ణమ్మ అయిదో అడుగు దగ్గర ఆగింది. "ఈ రూలు కూడా జోగేశ్వరరావుగారే చెప్పారేంట్రా?"

"లేదమ్మా. ఇది మున్సిపాలిటీవాళ్ళే పెట్టారు."

"బంగారంలాంటి మున్సిపాలిటీరా మనది" అని ఆవిడ నవ్వుకుంటూ మిగిలిన నాలుగడుగులూ వేసింది.