హనుమంతమ్మ కూర్చున్న గుంత

చెరువు గట్టు కింద వీధిలో పడవ ఉన్న ఇళ్లన్నిటిలో ఒకటే పద్ధతి. మొగుడు ముందు నిలబడి వల వేస్తాడు, పెళ్లాం పడవ వెనక భాగంలోని గుంతలో కూర్చొని తెడ్డు వేస్తుంది. ఎవరు పెట్టిన కట్టడో ఎవరికీ తెలియదు. కదిరప్ప కూడా పెళ్లయిన ఏడాది నుంచి అట్లాగే చేపలు పట్టాడు. ముందు తను, వెనక హనుమంతమ్మ. పోయిన కార్తీకంలో హనుమంతమ్మ జ్వరంతో పోయింది. అప్పటి నుంచి పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది.

ఆ దుఃఖం ఇంకా తీరకముందే కదిరప్ప ఎడమ మోకాలు మొరాయించింది. పుట్టపర్తి ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, నిలబడి చేసే పని ఇక పెట్టుకోవద్దు, కూర్చొని చేసేది ఏదైనా చూసుకో అన్నాడు. ఆ మాట విన్న కొడుకు నాగేంద్ర ధర్మవరంలో తను ఉండే వీధిలోనే ఒక అపార్ట్‌మెంటు వాళ్లతో వాచ్‌మన్ పని మాట్లాడి పెట్టాడు. గేటు పక్కన కుర్చీ, నెత్తిన నీడ, రాత్రికి కొడుకింట్లో అన్నం. మంచికే చెప్పాడు. కదిరప్ప వెళ్లి ఆ కుర్చీలో కూర్చొని కూడా చూశాడు. ఎదురుగా రోడ్డు, రోడ్డుకు అవతల ఇంకో గేటు, ఆ గేటు దగ్గర తన వయసువాడే ఇంకొకడు. మధ్యాహ్నం బస్సుకే వెనక్కి వచ్చేశాడు.

"డాక్టరు కూసోని చేసే పని చేయమన్నాడు గదా. కూసోనే చేస్తా," అన్నాడు కూతురితో. "మీయమ్మ గుంతలో నేను కూసుంటా. వల నువ్వెయ్యి."

కూతురు కళావతి పక్క వీధిలోనే కాపురం ఉంటుంది. తల్లిదండ్రులు పట్టిన చేపలను మోపెడ్ మీద పుట్టపర్తికి తీసుకుపోయి అమ్మేది ఆమే. చినిగిన వల అల్లడంలో చేయి తిరిగింది గానీ, వేసింది ఎన్నడూ లేదు. ఆడది వల వేయడం ఒక వింత, మొగవాడు తెడ్డు వేయడం ఇంకో వింత, రెండూ ఒకే పడవలో అయితే జనం తిరునాళ్లకు వచ్చినట్టు గట్టెక్కుతారని అంది.

"ఎక్కనీలే. చేపలు కొనుక్కొని దిగుతారు," అన్నాడు కదిరప్ప.

ఆ ఏడు కాలువ నీళ్లు వచ్చి చెరువు నిండింది. చేపల సొసైటీ వదిలిన పిల్లలు ఎదిగేదాకా ఎవరూ వల వేయకూడదు. ఉగాది దాటాక ఒక మంచిరోజు చూసి అందరూ ఒకేసారి పడవలు దించుతారు. ఆ రోజు నీళ్లలోకి రాని పడవ వల వేసుకునే చోటు ఆ ఏడాదికి ఇంకొకరిది అవుతుంది. కదిరప్ప చోటు తూము దగ్గర, లోతు నీళ్లలో. అది పోతే మిగిలేది ధర్మవరం కుర్చీ ఒక్కటే అని అతనికి బాగా తెలుసు.

పడవ పాతది. కదిరప్ప నాయన పెనుకొండ వడ్రంగితో చేయించాడు. చెరువు ఎండిన ఏళ్లలో మొగుడూ పెళ్లాం హిందూపురం గోడౌన్లలో చింతపండు మూటలు మోశారు, ధర్మవరంలో మేడలు కట్టేచోట ఇటుకలు అందించారు. చెరువులోకి నీళ్లొచ్చాయని తెలిస్తే చాలు, మేస్త్రీకి చెప్పకుండానే బస్సెక్కేవాళ్లు. ఒక కరువులో పడవను గొర్రెపిల్లలకు దొడ్డిగా వాడుకున్నారు. వాటి ఉచ్చకు తడిసి తడిసి వెనక గుంతలో పలకలు మెత్తబడ్డాయి.

నలుగురిని పిలిచి పడవను వెల్లకిలా తిప్పించాడు. ముందు భాగం అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. వెనక గుంతలోకి మాత్రం పొరుగింట్లోకి తొంగి చూసినట్టు చూశాడు. అడుగున టైరు ముక్కలు అడ్డదిడ్డంగా మేకులతో కొట్టి ఉన్నాయి. కూర్చునే పలకకు ఒక పక్క చెక్కపేడు దూర్చినందువల్ల అది ఏటవాలుగా ఉంది. గుంతకూ, వల ఉండే నడిభాగానికీ మధ్యనున్న అడ్డుపలకలో, బాగా కింద, రెండు వేళ్లు పట్టే చిల్లు ఒకటి. ఎలుక కొరికిందో, చెక్క పుచ్చిందో. ఇంత అధ్వానపు చోట కూర్చొని ఇన్నేళ్లు ఎట్లా పని చేసిందా అనుకున్నాడు. వెనక్కి తిరిగి, నీకు అక్కడ ఎట్లుందని ఒక్కనాడూ అడిగిన గుర్తు లేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే పనిలోకి దిగాడు.

టైరు ముక్కలు పీకి పారేశాడు. పాత తారంతా గీకాడు. మెత్తబడ్డ పలకలు తీయించి కొత్తవి వేయించాడు. సందుల్లో పత్తి కుక్కి, కరిగించిన గుగ్గిలం పోశాడు. చిల్లులో చెక్క బిరడా దిగ్గొట్టి పైన లప్పం రాశాడు. ఇళ్లు కట్టే మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, పేడు లాగేసి, కూర్చునే పలకను వెంట్రుకవాసి తేడా లేకుండా సమంగా బిగించాడు. తర్వాత ఉప్పు కాగితం పట్టుకొని, కాలు చాపుకొని, పొద్దుగూకేదాకా రుద్దాడు. అలా ఎన్నో పొద్దులు. కళావతి సంగటి తెచ్చి పెడితే ఎడమచేత్తోనే తిన్నాడు. కుడిచేయి పిడికిలి విప్పడానికి రాలేదు.

రంగు వేయడానికి మారుతి వచ్చాడు. హనుమంతమ్మ తమ్ముడు, హిందూపురంలో లారీ బాడీలకు రంగులు వేస్తాడు. అక్క కూర్చున్న చోటని చెప్పగానే డబ్బాలు, బ్రష్షులు ఆటోలో వేసుకొని దిగాడు. ఆకుపచ్చ రంగు పూత మీద పూత వేశాడు. అంచు చుట్టూ పసుప్పచ్చ తీగ గీశాడు. అంతటి మీదా మెరుపు వార్నిష్ కొట్టాడు. ఎండ పడితే గుంత అద్దంలా మెరిసింది, వంగి చూస్తే ముఖం కనపడింది. అయ్యాక మారుతి తుండుతో కళ్లు తుడుచుకొని, వార్నిష్ ఘాటు అన్నాడు.

వీధంతా వచ్చి చూసింది. పక్క పడవ ఉలిగప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏమప్పా కదిరప్పా, బెంగుళూరు లోడుకు లారీ పర్మిటు గూడా తీసినావా?"

అందరూ నవ్వారు. మొగోడు తెడ్డేస్తే చేపలు సిగ్గుపడి అడుగుకు పోతాయని కూడా అన్నాడు. సిగ్గులేనివి పైకి వస్తాయిలే, ఇన్నాళ్లూ నీ వల్లో పడింది అవే గదా అని కదిరప్ప జవాబిచ్చాడు.

ఇంకా పదిహేను రోజులుందనగా తండ్రీ కూతురూ పడవను నీళ్లలోకి తోసి చూశారు. వల వేయకూడదు గనక, పాత వలను తడిపి నడిభాగంలో కుప్ప పోసుకున్నారు. తడికాలు గుంతలో పెట్టగానే కదిరప్ప సర్రున జారి కూలబడ్డాడు. లేచి కూర్చొని తెడ్డు వేయబోతే మడమలకు పట్టు దొరకలేదు. తెడ్డు నీటిని వెనక్కి నెడితే, వార్నిష్ మీద తనే ముందుకు జారుతున్నాడు. కుడిపక్క తెడ్డు వేసినప్పుడల్లా ఒళ్లంతా కుడికి ఒరిగిపోతోంది, పలక పట్టి ఆపడం లేదు, నడుము పీకుతోంది. పడవ గానుగెద్దులా ఉన్నచోటే తిరిగింది. దానికి తోడు తడివల నుంచి కారిన నీళ్లు, అంచు మీదుగా పడ్డ నీళ్లు నడిభాగంలో చేరి ముందుకు పారాయి. కళావతి చీలమండల దాకా నీళ్లలో నిలబడింది. మొన బరువెక్కి వంగిపోయింది. చివరికి ఇద్దరూ నీళ్లలోకి దిగి పడవను ఒడ్డుకు తోసుకొచ్చారు.

కళావతి చీర కుచ్చిళ్లు పిండుకుంది. "నాయనా, అన్న చెప్పిన పని ఇంగా ఉండాదంట. పోతావా?" అని మెల్లగా అడిగింది. ఎగతాళికి అడగలేదు.

కదిరప్ప ఒడ్డునున్న పడవలోకి మళ్లీ ఎక్కి, గుంతలో కూర్చొని, ముందు తను నిలబడే చోటు వైపు చూస్తూ ఉండిపోయాడు. అక్కడ ఇంకా నీళ్లు నిలిచి ఉన్నాయి.

"నేను నిలబడినన్ని దినాలు నా కాళ్ల కింద నీళ్లు నిలిచింది ల్యా," అన్నాడు.

"మాయమ్మ పాదాలు మాత్రం ఎప్పుడు చూసినా నాని, తెల్లగా పాలిపోయి ఉంటాండె," అంది కళావతి. "రాత్రి పూట వేళ్ల సందుల్లో ఆముదం పూసుకుంటాండె. గుంతలోకి అన్ని నీళ్లు యాడ నుంచి వచ్చేవో."

కదిరప్ప అడ్డుపలక వైపు చూశాడు. లప్పం రాసి, ఆకుపచ్చ రంగు పూసి, ఉన్న ఆనవాలు కూడా లేకుండా తను మూసేసిన చోటు. ఎలుక కాదు. పుచ్చూ కాదు. నడిభాగంలో నీళ్లు నిలిస్తే వల వేసేవాడు జారతాడని, మొన వంగుతుందని, హనుమంతమ్మే ఆ చిల్లు తొలిచి, నీళ్లన్నీ తన కాళ్ల కిందికి రప్పించుకొని తోడి పోసింది. ఎప్పుడు తొలిచిందో, దేనితో తొలిచిందో కూడా అతనికి తెలియదు. అతను ఎప్పుడూ ముందుకే చూశాడు.

కదిరప్ప ఫోన్ తీసి మారుతిని రమ్మన్నాడు, రంగు గీకేయాలి అన్నాడు. మరునాడు మారుతి వచ్చి, గుంత అంచు మీద చేయి వేసి నిలబడ్డాడు.

"అక్కకని వేసినా బావా."

"మీయక్క అయితే ఆ పొద్దే గీకేసేది. నిన్ను నాలుగు తిట్టి మరీ గీకేసేది."

మారుతి నవ్వాడు. నవ్వుతూనే గీకే రేకు తీసుకొని కూర్చున్నాడు. అంచు మీది పసుప్పచ్చ తీగను వదిలేసి, లోపలి మెరుపంతా ఇద్దరూ కలిసి గీకారు. తర్వాత మారుతి మళ్లీ ఒక ఆకుపచ్చ పూత వేసి, వంకలోని ఇసుకను జల్లెడ పట్టి తెచ్చి, ఆ పచ్చిరంగు మీద ముగ్గుపిండిలా చల్లాడు. ఆరాక అరచేత్తో రుద్ది చూసి, ఎద్దు నాలుకలా ఉందన్నాడు.

మిగిలింది కదిరప్ప ఒక్కడే చేసుకోవలసిన పని. హనుమంతమ్మ టైరు ముక్కలు కొట్టిన మేకుల గుర్తులు కొత్త పలకలతో పోయాయి. ఉన్నా పనికొచ్చేవి కావు. ఆమె పొట్టి మనిషి, అతని కాళ్లు అంతకంటే జానెడు ముందుకు చాచుకుంటాయి. లోతు లేని నీళ్లలో కూర్చొని తెడ్డు వేస్తూ, మడమ ఎక్కడ తన్నుకుంటుందో అక్కడ సుద్దముక్కతో గీశాడు, ఆ గీత మీద టైరు పట్టీ కొట్టాడు. పలక కింద పేడు పెట్టి కూర్చున్నాడు, లేచి చెక్కాడు, మళ్లీ పెట్టి కూర్చున్నాడు. నడుము నొప్పి ఎప్పుడు ఆగిందో అప్పుడు పేడు చెక్కడం ఆపాడు. రసమట్టం మేస్త్రీకి తిరిగి ఇచ్చేశాడు.

అన్నీ అయ్యాక చిల్లు మళ్లీ తొలిచాడు. డ్రిల్లు తిరిగినంతసేపు ఆకుపచ్చ పొట్టు రాలింది. కళావతి బిందెడు నీళ్లు తెచ్చి నడిభాగంలో గుమ్మరించింది. నీళ్లు ఒక్క క్షణం తటపటాయించి, చిల్లులోంచి వచ్చి, అతని పాదాల చుట్టూ చేరాయి. చల్లగా ఉన్నాయి. ఖాళీ నూనె డబ్బాతో తోడి బయటికి పోశాడు. తెడ్డుకూ తెడ్డుకూ మధ్య ఒక డబ్బా. ఆ లెక్క చేతికి పట్టేదాకా మిగిలిన రోజులన్నీ తెల్లవారకముందే లేచి ఒడ్డు వెంబడి పడవ నడిపాడు. మొదట్లో తెడ్డు వేస్తే డబ్బా మరిచేవాడు, డబ్బా తోడితే పడవ పక్కకు పోయేది. అరచేతుల్లో బొబ్బలు లేచి, పగిలి, గట్టిపడ్డాయి. నాగేంద్ర ఫోన్ చేసి వాచ్‌మన్ పని సంగతి ఏమైందని అడిగితే, కూర్చొనే ఉన్నానని చెప్పాడు.

పడవలు దించే రోజు టెంకాయలు కొట్టారు, కర్పూరం వెలిగించారు. కళావతి చెప్పినట్టే గట్టు మీద జనం ఉన్నారు. ముందు వల పట్టుకొని ఆమె, వెనక తెడ్డు పట్టుకొని కదిరప్ప కదిలేసరికి ఎవరో ఈల వేశారు. తూము దాకా నలుగురితో పాటు పోగలిగాడు. వెనకబడలేదు. కళావతి వల వదిలింది. ఒకచోట చిక్కుపడితే తనే విడదీసుకుంది.

పొద్దెక్కి వల తీసేవేళకు కొండ వైపు నుంచి గాలి లేచింది. అసలు కష్టం అప్పుడు తెలిసింది. పడవను నడపడం నేర్చుకున్నాడు గానీ, నిలపడం నేర్చుకోలేదు. వల తీసేటప్పుడు పడవ కదలకూడదు. కదిలితే వల బిగుసుకుని తెగుతుంది, లేదా వదులై చేప జారిపోతుంది. గాలి పక్కనుంచి కొడుతోంది, పడవ అడ్డం తిరుగుతోంది, కళావతి చేతుల్లో వల బిగుసుకుంటోంది.

పక్కన ఉలిగప్ప పడవ ఉంది. దాని వెనక గుంతలో అతని భార్య సుమలత కూర్చొని ఉంది. ఆమె చాలాసేపటి నుంచి కదిరప్ప తెడ్డునే చూస్తోంది.

"అన్నా, గాలితో కొట్లాడొద్దు," అంది గట్టిగా. "మొన గాలికి పెట్టు. తెడ్డు నీళ్లలోంచి తీయొద్దు, లోపలే తిప్పు. హనుమంతక్క నాకు అట్లే నేర్పించింది."

ఉలిగప్ప తన వలలోకే చూసుకుంటున్నాడు. ఈ మాటలు విన్నాడో లేదో.

కదిరప్ప సుమలత చేతుల వైపు చూశాడు. తెడ్డు పైకి లేవడం లేదు, మణికట్టు మాత్రం తిరుగుతోంది. అట్లాగే తిప్పాడు. మొదటిసారి కుదరలేదు. రెండోసారి మొన నెమ్మదిగా గాలికి ఎదురు తిరిగింది. మడమలు టైరు పట్టీకి తన్నిపెట్టి, తెడ్డు నీళ్లలోనే ఉంచి, అట్లాగే పట్టుకున్నాడు. అలలు కింద నుంచి వెళ్లిపోతున్నాయి, పడవ ఉన్నచోటే ఉంది.

కళావతి వెనక్కి తిరిగి చూడలేదు. వల మీదే కళ్లు పెట్టి, మూరమూరగా పైకి లాగుతోంది. వెండిలా ఏదో నీళ్లలో కొట్టుకుంది.

"ఇంగా రవ్వంత ఎనక్కి, నాయనా."

పడవ జానెడు వెనక్కి జరిగి, ఆగింది.