కాశయ్య బాబాయి నాలుక

మా కాశయ్య బాబాయికి ఒకే ఒక్క జబ్బు. నోట్లో ఏది పడినా దానిమీద తీర్పు చెప్పందే ఊరుకోడు. గుళ్లో తీర్థం పోస్తే పూజారి ముందే పెదవులు చప్పరించి, "తులసి నిన్నటిది, నీళ్లు ఇయ్యాల్టివి" అంటాడు. బస్తరులోని జగదల్‌పూర్ బజారులో ఆయనది స్టీలు సామాన్ల దుకాణం, పక్కనే నా జిరాక్సు కొట్టు. ఆయన తాతగారూ మా తాతగారూ ఆంధ్రా సరిహద్దులోని కొంటా ఊరి నుంచి వచ్చినవాళ్లే కాబట్టి వరస కలుపుకున్నాం. నా పేరు చక్రి. నాకూ ఒక జబ్బుంది, ఏ విషయమైనా ఆరా తీయకపోతే అన్నం అరగదు. ఇద్దరు జబ్బుమనుషులం పక్కపక్కనే ఉండడంతో కాలక్షేపానికి లోటు లేకుండా పోయింది.

ఆయన తీర్పులన్నిటిలోకీ లందా మీద చెప్పేవి ప్రసిద్ధం. బియ్యం పులియబెట్టి చేసే తెల్లటి, పుల్లటి కల్లును ఇక్కడ లందా అంటారు. మా గల్లీల్లో ఆడవాళ్లు ఇంటి ముందు రెండు మూడు బెంచీలు వేసి, కుండ పెట్టి అమ్ముతారు. బోర్డు ఉండదు, ఫ్యాను ఉండదు, బెంచీకి నాలుగు కాళ్లూ ఉంటే అది పెద్ద హోటలు కింద లెక్క. బాబాయి రోజూ మధ్యాహ్నం దుకాణం షట్టరు సగం దించి అలాంటి చోటికి వెళ్తాడు. ఆకు దొప్ప అందుకుంటాడు. ఒక గుక్క తాగుతాడు. కళ్లు మూస్తాడు. తల ఆకాశం వైపు ఎత్తి పెదవులు ఆడిస్తాడు. బెంచీ మీదున్న ఆటోవాళ్లు, కూరగాయలవాళ్లు, తహసీలు గుమాస్తా అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు.

"దంతెవాడ బియ్యం. మబ్బు పట్టినరోజు నానబెట్టిర్రు. దంచేటప్పుడు పాట పాడిర్రు" అంటాడు.

పాట పాడిన సంగతి బియ్యానికెలా తెలుస్తుందని నేనొకసారి అడిగాను. "నీది జిరాక్సు మిషను నోరురా. లోపలికి ఏది పోతే అదే బయటికొస్తది. నీకు తెలవదు" అన్నాడు. ఆయన మధ్యాహ్నం మెచ్చుకున్న చోట సాయంత్రానికి కూర్చోవడానికి జాగా దొరకదు. ఒక పెళ్లిలో సాంబారు రుచి చూసి, "ఇందులో వంటాయన కోపం ఉంది" అన్నాడు. వంటాయన పెళ్లివాళ్లతో పోట్లాడి అప్పుడే వెళ్లిపోయాడని తెలిసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ పోట్లాట నాలుగు వీధుల అవతలికి వినపడిందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనులు చేసే ప్రేమ్‌కుమార్ ఒకసారి మా ఇద్దరినీ ఏసీ బారుకు తీసుకెళ్లాడు. మెత్తటి సోఫాలు, మసక వెలుతురు, నెమ్మదిగా పాట. బాబాయి ఒక గుక్క తాగి కళ్లు మూశాడు. మేం తీర్పు కోసం కాచుకున్నాం. ఎంతకీ కళ్లు తెరవకపోతే దగ్గరికెళ్లి చూశాం, నిద్రపోతున్నాడు. లేపి, ఎలా ఉందని అడిగితే "చలిగా ఉంది" అన్నాడు. బయటికొచ్చాక అసలు మాట చెప్పాడు.

"ఆడ ఎవని సోఫా వానిదే చక్రీ. పక్కోన్ని జరుగు అనే పని లేదు. జరుగు అనకుండా మాట ఎట్ల కలుస్తది?"

నాకది నిజమే అనిపించింది. లందా బెంచీ మీద ముగ్గురి చోట ఐదుగురు కూర్చుంటారు. ఒక చివరివాడు చెప్పకుండా లేచాడంటే రెండో చివరివాడు నేల మీద ఉంటాడు. అందుకని లేచేవాడు ముందే చెప్పాలి. ఒకడు హల్బీలో, ఒకడు గోండిలో, ఇంకొకడు హిందీలో చెబుతాడు, మేం తెలుగులో చెబుతాం. నాలుగు భాషల్లో "లేస్తున్నా" అనడం నేను నేర్చుకున్నది ఆ బెంచీల మీదే.

ఈమధ్య మా వెనక గల్లీలో లందా అమ్మే సోమికి కష్టం వచ్చింది. కొంటా వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి, తెలుగు బాగా వచ్చు. భర్త పోయాక ఆ కుండే ఆమెకు ఆధారం. ఎవడో ఆమె దగ్గర తాగి కడుపునొప్పితో పడిపోయాడని పుకారు పుట్టింది. ఆ రోజు సంతలో పొట్లాల కొద్దీ పకోడీలు తిన్నానని తర్వాత వాడే ఒప్పుకున్నాడు గానీ, అప్పటికే సోమి బెంచీలు ఖాళీ అయిపోయాయి. ఇక లాభం లేదని, పదో తరగతి చదివే కూతురు మంగ్లీని బడి మాన్పించి, ఇద్దరూ భద్రాచలం వైపు మిరపకాయలు ఏరే కూలికి వెళ్లడానికి మూట కట్టుకుంది. కూలీలను తీసుకెళ్లే బండి ఆ వారంలోనే రావాలి.

ఆ కబురు విన్న మధ్యాహ్నం బాబాయి షట్టరు సగం దించి, నన్ను వెంటబెట్టుకుని సోమి ఇంటికి నడిచాడు. ఆమె కుండకు చేయి అడ్డం పెట్టింది.

"వద్దు కాకా. తాగేటోళ్లు లేక పులిసిపోయింది. పారబోద్దామని పక్కకు పెట్టిన."

బాబాయి వినలేదు, ఒక్క దొప్ప పొయ్యమన్నాడు. ఆటో నడిపే బుధ్రాం, గల్లీలో పోతున్న మరికొందరు వింత చూడ్డానికి ఆగారు. గుక్క, కళ్లు, ఆకాశం, పెదవులు, అన్నీ వరసగా జరిగాయి. ఈసారి కళ్లెంట రెండు నీటిచుక్కలు కూడా రాలాయి.

"బస్తరు మొత్తంల ఇసొంటి చెయ్యి లేదు. ఇది తెలిసినోళ్లు తాగేది, మీకు పడదు. మీకోసం ఎల్లుండి కొత్త కుండ దిగుతది. బెంచీ కావాల్నంటే పొద్దుగాలే రుమాలు ఏసి పోండ్రి" అన్నాడు.

నేనూ ఒక గుక్క తాగి చూశాను. చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. బ్యాటరీలో పోసే యాసిడ్ కూడా అంత పుల్లగా ఉండదు. ఇంత గొప్ప నాలుక ఇంత చిన్న సంగతి ఎలా కనిపెట్టలేకపోయిందో నాకు అంతుపట్టలేదు. ఆ పూట అన్నం అరగలేదని వేరే చెప్పాలా.

మర్నాడు బాబాయి దుకాణంలో ఉండగా వాళ్లింటికి వెళ్లి అన్నపూర్ణమ్మ పిన్నిని అటు తిప్పి ఇటు తిప్పి అడిగాను. ఆమె తలుపు దగ్గరగా వేసింది.

"మీ బాబాయికి నాలుక ఏడుందిరా. కరోనా వచ్చినప్పుడే రుచీ, వాసనా రెండూ పోయినయ్. మొన్న పప్పుల ఉప్పు ఎయ్యడం మర్చిపోయిన. కళ్లు మూసి, సముద్రం గుర్తొస్తుందన్నడు."

మరి ఆయనతో ఎందుకు అనలేదని అడిగాను.

"నాకు తెలుసని ఆయనకు తెలవదు. పెళ్లైన కాడినుంచి నా వంటకు వంకలు పెట్టిన మనిషి. ఇప్పుడు రోజూ మెచ్చుకుంటుండు. చేతులార చెడగొట్టుకుంటనా?"

ఇంకో సంగతి కూడా చెప్పింది. పొద్దున్నే నడకకని బయల్దేరి, గల్లీలన్నీ తిరిగి ఎవరి బెంచీలు ఖాళీగా ఉన్నాయో చూసుకొస్తాడట. మధ్యాహ్నం ఆయన నాలుక సరిగ్గా అక్కడికే వెళ్తుందట. అప్పుడు గుర్తొచ్చింది, పక్క గల్లీలో అమ్మే హిడ్మే ఇంటి రేకులు గాలివానకు ఎగిరిపోయిన వారమే ఆమె లందా ఆయనకు అమృతంలా తోచింది. నిప్పు లేకుండా పొగ పసిగట్టే నాకు ఇన్నాళ్లూ ఇది తట్టలేదు. ఆయన మీద నాకు పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఎవరికీ చెప్పనని పిన్ని నాచేత ఒట్టు వేయించుకుంది.

కొత్త కుండ దిగిన రోజు సోమి ఇంటి ముందు నేల కనపడలేదు. బెంచీలన్నిటి మీదా తెల్లవారేసరికే రుమాళ్లు పడ్డాయట. బుధ్రాంను జరుగు జరుగు అని ఎలాగో చివర్లో ఇరుక్కున్నాను. నాలాంటివాడి కడుపులో రహస్యం ఎంతసేపు నిలుస్తుంది? ఒట్టు పక్కన పెట్టి, బుధ్రాం చెవిలో ఊదేశాను. వాడు దొప్ప ఒలికిపోయేలా నవ్వాడు. మాతో తిరిగి తెలుగు పట్టుకున్నవాడు.

"అందరికీ తెలుసు భయ్యా. ఒకసారి లందా అని గంజి పోసిచ్చినం. దాన్ని కూడా దంతెవాడ బియ్యం అన్నడు."

మొత్తం గల్లీలో తెలియనివాణ్ని నేనొక్కణ్నే అన్నమాట. మరి ఆయన చెప్పిన చోటికే ఎందుకు ఎగబడతారని అడిగాను.

"లందా మా ఇంట్ల కూడా ఉంటది. కాకా ఉండడు కదా" అన్నాడు బుధ్రాం.

యూనిఫాం వేసుకున్న మంగ్లీ బెంచీల మధ్య నుంచి దారి చేసుకుంటూ మధ్యాహ్నం బడికి వెళ్లింది. మిరప తోటలకని కట్టిన మూట విప్పి, అందులోని దుప్పటి మడతపెట్టి, మా బెంచీ అవతలి చివర బాబాయి కూర్చునే చోట పరిచింది సోమి. నిండు దొప్ప ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి కళ్లు మూశాడు. ఆ నాలుక సంగతి తెలిసిన అంతమందీ మాటలు ఆపేసి, ఊపిరి బిగబట్టి చూశారు.

"కొత్త బియ్యం. కొంచెం మిరపకాయ ఘాటు తగలబోయింది. తప్పింది" అన్నాడు.

సోమి నవ్వు ఆపుకోలేక కుండ వైపు తిరిగింది. మేమందరం గంభీరంగా తలలూపాం. ఆ సంబరంలో బాబాయి నాలుగు భాషల్లో ఏ ఒక్కదానిలోనూ చెప్పకుండా లేచాడు. బెంచీ రెండో చివరనున్న నేను నోరు తెరుచుకుని దుమ్ములో పడ్డాను. ఆయన వచ్చి నన్ను లేపుతూ, చాలా ఆసక్తిగా నా మొహంలోకి చూసి, రుచి ఎట్లుందిరా అని అడిగాడు.