బోర్డెక్కిన పేరు

ఆ లైబ్రరీ కౌంటర్లో కూర్చునే ఆవిడను అందరూ మిరపకాయ అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆవిడకేం పట్టేది కాదు. పేజీ మూల మడిచి తెచ్చారా, అయిపోయారే. గడువు దాటాక తెచ్చారా, ఏడుతరాల వాళ్లనూ కలిపి ఉతికి ఆరేసేది. గేటు పక్కనున్న నల్లబోర్డు మీద సోమవారం సోమవారం పుస్తకాలు తిరిగివ్వని వాళ్ల పేర్లు రాయడం కూడా ఆవిడ పనే. రోడ్డు అవతల నడిచేవాడికి సైతం కనబడి తీరాలని ఇంతింత లావు అక్షరాలు రాసేది. పేరు బోర్డెక్కితే ఇక ఆ కార్డు చెల్లదు, అదీ రూలు. ఎప్పటి ఫైను అప్పుడు కట్టేస్తే మాత్రం పేరు ఎక్కదు, పుస్తకం ఎన్నాళ్లు ఇంట్లో పెట్టుకున్నా సరే. అదీ రూలే మరి.

ఈ రెండో రూలును అడ్డం పెట్టుకుని బతికినవాడు ఒక ఇళ్ల కాంట్రాక్టరు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ల చేత మళ్లీ పలికించడానికి బొమ్మలతో, పెద్ద అక్షరాలతో వేసిన పుస్తకం ఒకటుంది లైబ్రరీలో. ఉన్నదే ఒక్క కాపీ. మామగారి కోసమని పట్టుకెళ్లాడు, అంతే, నెలలు గడిచినా తేడు. ఫోన్ చేస్తే డ్రైవరు చేత ఫైను పంపిస్తాడు. ఒకసారి తనే వచ్చి చిల్లర బల్ల మీద విసిరి, "కడుతూనే ఉన్నాను కదమ్మా, ఇంకేంటి నీ బాధ?" అన్నాడు. ఇంటికి అద్దె కడుతున్నవాడి ధీమా అది. వాడి మొహాన కొట్టడానికి ఆ చిల్లర సర్కారుదైపోయింది గానీ, లేకపోతే ఆవిడ ఊరుకునే మనిషా?

ఆవిడ బాధ రోజూ బల్ల అవతల వచ్చి నిలబడేది. ఆమె ఒక తాపీమేస్త్రీ భార్య. గోడ కడుతూ కడుతూనే ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది కానీ మాట రాలేదు. మొదటి నెలల్లో సాధన చేయించకపోతే ఇక రాకపోవచ్చనీ, ఆ పుస్తకం దొరుకుతుందేమో చూడమనీ డాక్టరు చెప్పాడట. ఆమె పనికి పోతూ లోపలికి వచ్చి, పుస్తకం వచ్చిందా అని అడిగేది. రాలేదమ్మా అని చెప్పిన ప్రతిసారీ మిరపకాయకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒకరోజు ఇక ఆగలేక కౌంటర్ మూసేసి కాంట్రాక్టరు ఇంటికే వెళ్లింది. అతను లేడు. తలుపు తీసింది మామగారే. ఆ పెద్దాయన మాటలకు అడ్డూ ఆపూ లేదు. కూర్చోబెట్టి ఎండల సంగతి చెప్పాడు, మోకాళ్ల సంగతి చెప్పాడు, ఆ పుస్తకం పుణ్యమా అని తనకు మాట తిరిగొచ్చిన సంగతీ చెప్పాడు. ఇప్పుడదెక్కడుందండీ అని అడిగితే చేత్తో చూపించాడు. కంప్యూటర్ తెర ఎత్తుగా ఉండాలని దాని కింద పెట్టారు. మిరపకాయ ఒక చేత్తో తెరను పైకెత్తి రెండో చేత్తో పుస్తకం లాగేసింది. అల్లుడు వచ్చి ఏమంటాడోనని పెద్దాయన కంగారుపడ్డాడు.

"ఇటుకలు పెట్టుకోమనండి," అంది ఆవిడ. "ఆయనకేం తక్కువా?"

మర్నాడు మేస్త్రీ భార్య ఆయన కార్డు తెచ్చింది. కార్డు మీది పేరు చూసి మిరపకాయ చెయ్యి ఆగిపోయింది. ఆ పేరు బోర్డు మీద ఉంది. మేస్త్రీ అంతకుముందు తీసుకెళ్లిన ఇళ్ల ప్లాన్ల పుస్తకం ఆయన పడిపోయిన రోజున పని దగ్గరే వానకు నానిపోయింది. దాని వెల కట్టే స్తోమత వాళ్లకు లేదు. లోపలి గదిలోంచి లైబ్రేరియన్ గారు కూడా చూశారు. ఆ కార్డు మీద ఇవ్వకూడదు కదమ్మా అని గుర్తుచేశారు, పాపం మెత్తగానే.

"సాయంత్రం ఆయన్ని నడిపించుకొస్తుంటాను కదండీ," అంది మేస్త్రీ భార్య. "ఈ గేటు రాగానే చెయ్యి లాగేసుకుంటారు. చదవడం వస్తుంది ఆయనకి. ఇది నా తప్పు కాదని చెప్పడానికే నోరు రాదు."

కోపంగా అన్నా బాగుండేది. మిరపకాయకు ఒళ్లు భగ్గుమంది. రూలు మీద, బోర్డు మీద, అంత లావు అక్షరాలు రాసిన తన చేతి మీద. దర్జాగా దాచుకున్నవాడు దొర, నోరు పడిపోయినవాడు దొంగా? సొరుగులోంచి తన కార్డు తీసి, దాని మీద పుస్తకం రాసుకుని, ముద్ర బల్ల అదిరేలా కొట్టింది.

"మాట వచ్చాకే తెండి. ముందు తెచ్చారో, ఊరుకోను."

ఆమె అటు వెళ్లగానే బోర్డు మీద మేస్త్రీ పేరు చెరిపేసింది. అడిగితే వానకు పోయిందని చెప్పింది. గడువు దాటాక అదే బోర్డు మీద, అన్నిటికన్నా పైన, తన పేరు రాసుకుంది. జనం ఆగి చూసి నవ్వుకున్నారు. ఫైను పడేసి పరువు కాపాడుకోరాదా అని లైబ్రేరియన్ గారు బతిమాలారు.

"కట్టనండి. కడితే ఆ కాంట్రాక్టరుకీ నాకూ తేడా ఏముంది?" అంది. తర్వాత సోమవారాల్లో కూడా ఆ పేరు అక్కడే ఉంది.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం మేస్త్రీ వచ్చాడు. చంకలో పుస్తకం ఉంది. భార్య లోపలికి రమ్మన్నా రాలేదు. బోర్డు ముందు నిలబడి, నోరు ఒక పక్కకు లాగేస్తున్నా వదలకుండా, పైనున్న పేరు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. సగంలో నాలుక మొరాయించింది. మళ్లీ మొదటి అక్షరం నుంచి ఎత్తుకుని ఈసారి చివరిదాకా పలికాడు.

ఆ పేరుతో తనను ఎవరైనా పిలిచి ఎన్నేళ్లయిందో కౌంటర్లో ఉన్నావిడకు గుర్తు రాలేదు. లేచి లోపలి గది తలుపు దబదబా బాదింది.

"విన్నారా?" అంది లైబ్రేరియన్ గారితో. "ఇప్పుడు చెప్పండి ఫైనెంతో."