కెపాసిటర్ మేస్త్రి, వియ్యంకుడి కొత్త కారు

కెపాసిటర్ మేస్త్రి కుర్చీలో పూర్తిగా కూర్చోగా ఎవరూ చూడలేదు. అంచున ఆనుకుంటాడు, అంతే. టీ సగం తాగి గ్లాసును ఏ కారు పైకప్పు మీదో పెట్టి మర్చిపోతాడు. ఆ గ్లాసుతో సహా కార్లు వీధి చివరిదాకా వెళ్లిన రోజులున్నాయి. ఎవరితో మాట్లాడుతున్నా కుడిచేతి వేళ్లు ఏదో ఒకదాని మీద తాళం వేస్తూనే ఉంటాయి. "ఈయన్ని కట్టుకున్న కొత్తలో ఎవరో తలుపు కొడుతున్నారనుకుని రోజుకి పదిసార్లు లేచేదాన్ని" అని భార్య ఇప్పటికీ చెబుతుంది.

చిన్న వయసులో రేడియోలు బాగుచేసే కొట్టులో పని నేర్చుకున్నాడు. రేడియోలు పోయి టేపురికార్డర్లు వచ్చాయి, తర్వాత అవీ పోయాయి. చివరికి కార్లలో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు బిగించే పనిలో స్థిరపడ్డాడు. స్థిరపడ్డాడనడం మర్యాదకి. ఆ మనిషి ఏ విషయంలోనూ స్థిరంగా ఉండడు.

ఇక ఆ పేరు సంగతి. ఇరవై రెండేళ్ల కిందట ఒక టాక్సీ డ్రైవరు కొట్టుకొచ్చి గోల పెట్టాడు. వెనకాల పెద్ద స్పీకరు పెట్టించుకున్నాడట, పాటలో డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా ముందు లైట్లు మసకబారుతున్నాయట. సరిగ్గా అప్పుడే బజారులోకి కెపాసిటర్ అనే కొత్త సరుకు దిగింది. చూడ్డానికి లావుపాటి నీళ్ల సీసాలా ఉంటుంది, పైన ఎర్ర అంకెలు వెలుగుతుంటాయి. కాస్త కరెంటు తనలో దాచుకుని, పెద్ద దెబ్బ పడిన క్షణంలో అందిస్తుందని అట్టపెట్టె మీద రాసి ఉంది. మేస్త్రి అది బిగించాడు. లైట్లు నిలబడ్డాయి. ఆ డ్రైవరు స్టాండంతా చెప్పాడు, స్టాండు ఊరంతా చెప్పింది. అప్పటినుంచి ఆయన అసలు పేరు కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడలేదు. కొట్టు బోర్డు మీద కూడా ఆ సీసా బొమ్మే వేయించాడు.

అంతటి మనిషికి సొంత కూతురి అత్తవారింట్లో తల కొట్టేసినట్టయింది.

వియ్యంకుడు ముప్పై ఏళ్లు రైలు ఇంజను నడిపి రిటైరైన మనిషి. ఆ మోత మధ్య బతికి బతికి చెవులు మందగించాయి. పాట ఆయన చెవికి చాలదు, ఛాతీకి తగలాలి. రిటైరయ్యాక ముచ్చటపడి కొత్త కారు కొన్నాడు, అందులో గట్టి మోత కావాలన్నాడు. కోడలు మెరిసే కళ్లతో ముందుకొచ్చింది. "మా నాన్న చెయ్యి పడితే ఇంక చూసుకోనక్కర్లేదు మామయ్యా" అంది. ఆ పిల్ల ఆ ఇంట్లో అడుగుపెట్టి ఏడాది కాలేదు. అక్కడ తనదని గొప్పగా చెప్పుకోవడానికి ఆమె దగ్గరున్నది నాన్న పనితనం ఒక్కటే.

మేస్త్రి వాళ్లింటి షెడ్డులోనే పని చేశాడు. వియ్యంకుడి కారు, అదీ సీట్లకి ప్లాస్టిక్ తొడుగులైనా తీయనిది. చెప్పులు బయట విడిచి కారెక్కాడు. బానెట్ అంచున దుప్పటి పరిచాడు. స్క్రూడ్రైవర్ కింద పెట్టాల్సి వస్తే పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినంత నెమ్మదిగా పెట్టాడు. సాయంత్రానికి పని ముగించి, కెపాసిటర్ మీద ఎర్ర అంకెలు వెలిగించి చూపించి, అందరి చేతా మెప్పు పొంది వచ్చాడు.

రెండోరోజే ఫోను. "బావగారూ, ముప్పై ఏళ్లలో నా ఇంజను లైటు ఒక్కసారి కూడా కన్ను కొట్టలేదు. మీరు బిగించిన దగ్గర్నుంచి ఈ కారు దారిన పోయే వాళ్లందరికీ కొడుతోంది."

వియ్యంకుడు నవ్వుతూనే అన్నాడు. మేస్త్రికి మాత్రం నవ్వు రాలేదు. మర్నాడే పరుగెత్తి ఇంకా పెద్ద కెపాసిటర్ వేశాడు. లైట్లు కన్ను కొడుతూనే ఉన్నాయి. వారం తిరక్కుండా దాని పక్కన రెండోది పెట్టాడు. అప్పుడూ అంతే. వియ్యపురాలు టీ అందిస్తూ, "పోనీలెండి అన్నయ్యగారూ, ఎదురింటావిడ తనకే అనుకోకుండా ఉంటే చాలు" అంది. కూతురు కూడా నవ్వింది గానీ, తండ్రి వైపు చూడకుండా నవ్వింది. ఆ నవ్వు ఆయన్ని ఇంటిదాకా వెంటాడింది.

ఆ వారమంతా కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచిపోయేవాడు. కొట్టులో ఒకరి కారుకి బిగించాల్సిన స్పీకరు ఇంకొకరి కారుకి బిగించాడు. "ఆ లైట్లు మసకబారితే కొంపలేం మునుగుతాయండీ?" అని భార్య విసుక్కుంది. "నీకు తెలీదు. అది మా అమ్మాయి ఇల్లు" అన్నాడు. ఇద్దరికీ ఒక్కతే కూతురన్న సంగతి కూడా ఆ కంగారులో ఆయనకి తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వెళ్లాడు. ఈసారి తేల్చుకోకుండా కదలకూడదనుకున్నాడు. కారు ముందు భాగం షెడ్డు లోపలి గోడ వైపుంది. లైట్లు వేస్తే ఆ నీడలో గోడ మీద రెండు గుండ్రటి వెలుగులు పడ్డాయి. ఇంజను ఆన్ చేసి పాట పెట్టాడు. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా ఆ వెలుగులు కుంచించుకుపోయి మళ్లీ పొంగుతున్నాయి. వెనక్కి వెళ్లి కెపాసిటర్ల తీగలు బిగించాడు. ముందుకొచ్చి చూశాడు. మళ్లీ వెనక్కి. కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి, తండ్రి కారు చుట్టూ చేస్తున్న ప్రదక్షిణలు కాసేపు చూసి దిగి వచ్చింది.

"నాన్నా, ఈ కారుకి గీకావా?"

"ఏం గీకడం?"

"ఉప్పుకాగితంతో గీకుతావు చూడు, బానెట్ కింద. చిన్నప్పుడు కొట్టుకొస్తే ఆ చప్పుడుకి నాకు పళ్లు జివ్వుమనేవి, చెవులు మూసుకునేదాన్ని. మొన్న నువ్వు ఇక్కడ పని చేస్తున్నప్పుడు కూడా ఎప్పుడొస్తుందా అని లోపల కాచుకునున్నా. రాలేదు."

మేస్త్రి వేళ్ల తాళం ఆగిపోయింది.

ఏ కారుకైనా ఆయన చేసే పని అది. బ్యాటరీ నెగెటివ్ కొస నుంచి కారు ఒంటికి లావుపాటి నల్లతీగ ఒకటి అదనంగా వేస్తాడు. లోపలున్న లైట్లూ ఆంప్లిఫయరూ వాడుకున్న కరెంటు బ్యాటరీకి తిరిగి చేరాల్సింది కారు ఒంటి రేకు గుండానే. రేకు మీద రంగుంటే ఆ తీగకి దారి దొరకదు. అందుకని రంగు పోయి ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, అక్కడ తీగ బిగిస్తాడు. దాన్నెప్పుడూ ఆయన పనిగా లెక్కపెట్టలేదు. ఇంట్లోకొచ్చే ముందు కాళ్లు తుడుచుకున్నట్టు, చెయ్యి దానంతటదే చేసేది.

"గీకలేదమ్మా" అన్నాడు. "బావగారి కారు. కొత్తది. గీత పెట్టడానికి చెయ్యి రాలేదు. రంగు మీదే బిగించేశా."

కూతురు ముక్కు మీద వేలేసుకుంది. "మరి ఇప్పుడు గీకు."

"అడగొద్దూ?"

అడగడానికి హాలు గుమ్మందాకా వెళ్లి వెనక్కొచ్చాడు. మళ్లీ వెళ్లి, చెప్పులు సరిగ్గా విడిచానా అని చూసుకునే వంకతో మళ్లీ వచ్చాడు. మూడోసారి కూతురు వెనకనుంచి తోసినంత పని చేసింది. వియ్యంకుడికి గట్టిగా చెబితే గానీ వినపడదు కాబట్టి, కొత్త కారు రంగు గీకాలన్న ఆ మనవి ఎదురింటిదాకా వినపడింది.

వియ్యంకుడు పేపరు మడిచాడు. "మీ పిల్లనే మా ఇంటికి తెచ్చుకున్నాం. అప్పుడు నేను మొహమాటపడ్డానా? వేలెడంత రంగు దగ్గర మీకెందుకండీ మొహమాటం?"

మేస్త్రి బానెట్ కింద వంగి ఉప్పుకాగితం ఆడించాడు. ఆ చప్పుడు ఇంకా బాగా రాకముందే కూతురు రెండు చేతులతో చెవులు మూసుకుంది. కళ్లు కూడా గట్టిగా మూసుకుని, పళ్లు బయటపెట్టి, అచ్చం ఆరేళ్ల వయసులో నిలబడ్డట్టే నిలబడింది. తలెత్తి చూసిన మేస్త్రికి ఒక్క క్షణం చెయ్యి ఆడలేదు.

తీగ బిగించి పాట పెట్టాడు. డ్రమ్ము మోతకి షెడ్డు రేకులు అదిరాయి. గోడ మీద వెలుగులు మాత్రం కదల్లేదు.

"హమ్మయ్య, రెండు కెపాసిటర్లు కలిసి పనిచేసినట్టున్నాయి" అంది వియ్యపురాలు. వియ్యంకుడు ఛాతీ మీద చెయ్యి వేసుకుని తల ఊపుతున్నాడు. మేస్త్రి పరువు నిలిచింది. ఔనమ్మా అని ఒక్క మాట అనేసి, టీ తాగి, బయల్దేరి ఉంటే ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

కానీ ఆ మనిషికి కుదురు లేదు కదా. లోపల ఏదో దొలుస్తోంది. బ్యాటరీకి మీటరు పెట్టి ఒకసారి చూసుకుని, ఇంజను ఆపి వెనక డిక్కీ తెరిచాడు. కెపాసిటర్లు రెంటినీ మిగిలిన కరెంటు పోయేలా చేసి, జాగ్రత్తగా ఊడదీసి నేల మీద పెట్టాడు. తీగ నేరుగా ఆంప్లిఫయర్‌కి కలిపి, అదే పాట మళ్లీ పెట్టాడు. గోడ మీద వెలుగులు అలాగే నిలబడి ఉన్నాయి. మళ్లీ మీటరు పెట్టి చూశాడు. ముందుకీ ఇప్పటికీ తేడా, వెతికి చూస్తే గానీ దొరకనంత.

అలాగే షెడ్డు నేల మీద కూలబడ్డాడు. ఇరవై రెండేళ్ల కార్లు వరసగా కళ్లముందు తిరిగాయి. ప్రతి కారుకీ గీకాడు, ప్రతి కారుకీ సీసా పెట్టాడు, లైట్లు నిలబడితే మెప్పు సీసాకిచ్చాడు. నమ్మి వచ్చిన అంతమందికీ చెప్పింది తప్పని తెలిసేసరికి సిగ్గుతో ఒళ్లు కాలిపోయింది. ఏడుపొచ్చింది కూడా.

"బావగారూ, ఇవి పని చేయలేదు" అని గట్టిగా అన్నాడు, ఎదురింటికి వినపడినా సరేనని. "ఇక్కడే కాదు. ఎక్కడా చేసినట్టు లేదు."

"అసలు పనికేరాదా ఆ వస్తువు?"

"ఒక్క దెబ్బకైతే చిటికెడు సాయం చేస్తుంది. దెబ్బ మీద దెబ్బ పడితే అది కూడా బ్యాటరీ దగ్గరికే వెళ్లి చెయ్యి చాచాలి. తీగ సన్నదైనా, కింద రంగున్నా, ఇంజను పక్కన డైనమో చాలకపోయినా అదేం చేయలేదు. నేను ఇన్నేళ్లూ జనానికి తప్పు చెప్పాను."

కూతురు వచ్చి తండ్రి పక్కన నేల మీదే కూర్చుంది, అత్తమామలు చూస్తున్నారని కూడా చూసుకోకుండా.

"తప్పు చెప్పావు నాన్నా. పని మాత్రం సరిగ్గానే చేశావు. లైట్లు నిలబెట్టింది నీ చెయ్యే."

మేస్త్రి తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్లలో కారు రంగు పొడి ఇరుక్కుని ఉంది.

"అయితే ఒకటి ఉంచండి బావగారూ" అన్నాడు వియ్యంకుడు చివరికి. "ఆ ఎర్ర అంకెలు చూడ్డానికి బాగున్నాయి."

మర్నాడు పొద్దున్నే ఒక వ్యాను డ్రైవరు కొట్టు ముందు బండి ఆపాడు. పాట పెడితే లైట్లు మసకబారుతున్నాయనీ, పెద్ద కెపాసిటర్ వేయాలనీ అన్నాడు. మేస్త్రి తాగుతున్న టీ గ్లాసు అలవాటుగా వ్యాను మీద పెట్టబోయి, ఆగి, బల్ల మీద పెట్టాడు.

"అదేం అక్కర్లేదు" అన్నాడు.

డ్రైవరు అనుమానంగా బోర్డు వైపు చూశాడు, ఈయన వైపు చూశాడు. "కెపాసిటర్ మేస్త్రి అంటే మీరే కదా?"

"నేనే. ముందు బానెట్ ఎత్తు" అని, మేస్త్రి జేబులోంచి ఉప్పుకాగితం తీశాడు.