చెయ్యి జారిన డాక్టరప్ప

డాక్టర్ కోటేశ్వరరావుగారు ఇక లేరు. పోయిన గురువారం పొద్దున నేను అంగడి తలుపు తీసి గుడ్ల అట్టలు బయట పెట్టుకుంటుండగా, ఆటో నడిపే మస్తాన్ బండి ఆపకుండానే “లింగప్పా, డాక్టరప్ప పోయినాడంట!” అని అరిచి వెళ్ళిపోయాడు. మా బళ్ళారి బ్రూస్‌పేటలో అబద్ధాలాడే హక్కు నాకొక్కడికే ఉందని ఇన్నాళ్ళూ గర్వపడినవాణ్ణి. ఆ క్షణంలో మాత్రం మస్తాన్ నాకంటే పెద్ద అబద్ధాలకోరు కావాలని దేవుడికి మొక్కుకున్నాను. దేవుడు నా మొక్కు వినలేదు. నా మాటకు ఆయన దగ్గర కూడా విలువ లేదని తేలింది.

మహానుభావుల మరణానంతరం వారి గుణగణాలను కీర్తించడం సంప్రదాయం. కీర్తించదగిన గుణాలు ఆయనలో అపారంగా ఉన్నాయి. కానీ నేను ఇక్కడ చెప్పబోయేది ఆయన చేసిన తప్పు గురించి. ఆ తప్పు లోకానికి తెలియాలని బతికినంతకాలం తపించిన మనిషి ఆయన. తెలియకుండా అడ్డుపడినవాణ్ణి నేను. సిగ్గుతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

డాక్టరుగారిది తుంగభద్ర కాలువ కింద వరి పండించుకునే ఆంధ్రా క్యాంపు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వెన్నెముక వైద్యం నేర్చుకుని, పెద్ద నగరాలు పిలిచినా పోకుండా బళ్ళారిలోనే నిలిచిపోయారు. ఇనుప ఖనిజం తవ్వకాలు పొంగిన ఆ ఏళ్ళలో ఈ జిల్లాకు అత్యవసరమైన వైద్యమది. పగలూ రాత్రీ తేడా లేకుండా ఎర్ర దుమ్ములో లారీలు, లారీల్లో మనుషులు, మనుషులకు నడుములు. సండూరు దారి గుంతల మీద నేను చెప్పిన కథలు చాలా ఉన్నాయి. ఒక గుంతలో దిగిన లారీ మరుసటి వానాకాలానికి గానీ పైకి తేలలేదన్నది వాటిలో మరీ చిన్నది. నేను అప్పుడు సండూరు దగ్గర ఒక యార్డులో కాటా గుమాస్తాను. రోజూ లారీ ఎక్కి పోయి, లారీ ఎక్కి వచ్చేవాణ్ణి. చివరికి నా నడుము కూడా డాక్టరుగారి బల్ల మీదికి చేరింది.

ఆపరేషన్ మరుసటి ఉదయం ఆయన ఒక్కరే వచ్చి నా మంచం పక్కన నిలబడ్డారు. నా కాళ్ళు నాకు తెలియడం లేదు. మందు మత్తు ఇంకా దిగలేదేమోననుకుంటున్నాను.

“లింగప్పగారూ, మత్తు కాదండీ,” అన్నారు. “జబ్బూ కాదు. ఎముక తొలిచేటప్పుడు డ్రిల్లు ఒక్కసారిగా లోపలికి దిగిపోయింది. నా చెయ్యి జారింది. మీ కాళ్ళు పోయినాయి, నా వల్ల.”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా ముఖంలోకే చూశారు. ‘విధి’ అనలేదు. ‘మా ప్రయత్నం మేం చేశాం’ అనలేదు. డాక్టరు నోట ‘నా వల్ల’ అనే మాట వినడం నాకదే మొదలు. నాకు వచ్చిన కోపం పట్టుకోవడానికి చోటు దొరక్క గదంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది.

మధ్యాహ్నానికి మా బావమరిది బసవరాజు లారీ నిండా మనుషుల్ని, గడ్డపారల్ని వేసుకుని ఆసుపత్రి ముందు దిగాడు. లోపలికొచ్చి, “బావా, ఎవురు చేసింది? పేరు చెప్పు చాలు. అద్దం ఒకటి మిగిలితే నన్నడుగు!” అన్నాడు.

నేను పేరు చెప్పాలి. చెప్పబోయాను కూడా. తలుపు దగ్గర డాక్టరుగారు చేతులు కట్టుకుని, చెప్పు అన్నట్టే నిలబడి ఉన్నారు.

“ఎలుగొడ్డురా,” అన్నాను.

“ఏందీ?”

“సండూరు గుట్టలో ఎలుగొడ్డు నన్ను వాటేసుకున్న్యాది. సిగ్గయి ఎవురికీ చెప్పలా. నడుము ఆపొద్దే నుజ్జయింది. ఈ డాక్టరప్ప ఉండబట్టి పానం మిగిలింది. యాడికి పోతావో పో, గడ్డపార తీసుకోని ఎలుగొడ్డు మీదికి పో!”

బసవరాజు కాసేపు నన్ను చూసి, డాక్టరుగారి కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దండం అందుకున్నప్పటి ఆయన ముఖం నేను ఇప్పటికీ మరచిపోలేదు. చెంపదెబ్బ తిన్న మనిషి ముఖం కూడా అలా అవదు.

ఆ ఎలుగుబంటి ఆ పూటతో చచ్చిపోయి ఉంటే బాగుండేది. నేను చక్రాల కుర్చీలో కూర్చుని బ్రూస్‌పేటలో చిల్లర అంగడి పెట్టుకున్నాక, బీడీ కట్ట కొనడానికి వచ్చినవాడు కూడా “ఎలుగొడ్డు కత చెప్పప్పా” అని నిలబడేవాడు. చెప్పిన కొద్దీ అది పెరిగింది. ఒక కన్ను పోగొట్టుకుంది, పిల్లల తల్లి అయింది, ఒక ఏడాది కన్నడం కూడా మాట్లాడింది. కాళ్ళు లేనివాడిని జనం జాలిగా చూస్తారు; ఎలుగుబంటితో కలబడినవాడిని నోరు తెరుచుకుని చూస్తారు. ఏది కావాలో ఎంచుకోమంటే నాలాంటివాడు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా?

డాక్టరుగారు ఆదివారం ఆదివారం మా అంగడికి వచ్చేవారు. కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. సోడాల పెట్టె బోర్లించి, నా తలకంటే ఆయన తల కిందుగా ఉండేట్టు కూర్చునేవారు. సంచీలోంచి ఒక డ్రిల్లు తీసి, నా ప్లగ్గులో పెట్టి, నా గుడ్లు తీసుకుని పెంకు తొలిచేవారు. మొదట్లో నాకు ఆయనకు మతి చలించిందేమోనని భయం వేసింది.

“చూడండి లింగప్పగారూ,” అని ఒకనాడు విడమరచి చెప్పారు. “గుడ్డుకు పెంకు, దాని కింద పొర. వెన్నులోనూ అంతే. ఎముక, దాని కింద పొర, ఆ లోపల నరాలు. ఎముకను తొలుస్తున్నంతసేపూ అది మన చేతిని ఎదురు నెడుతూ ఉంటుంది. ఎముక అయిపోయిన క్షణంలో ఆ ఎదురు పోతుంది. చెయ్యికి ఆ సంగతి తెలిసేలోపలే కొన దిగిపోతుంది. అంచేత చెయ్యిని నమ్మకూడదండీ. ఎదురు ఉన్నంతసేపే తిరిగి, ఎదురు పోగానే దానంతటదే ఆగిపోయే డ్రిల్లు కావాలి.”

ఆ డ్రిల్లు లోపల పళ్ళున్న బిళ్ళలు రెండు, మధ్యన ఒక స్ప్రింగు. ఎముక కొనను వెనక్కి నెడితే బిళ్ళలు కరుచుకుని తిరుగుతాయి; నెట్టడం మానగానే స్ప్రింగు వాటిని విడదీస్తుంది. చెప్పడానికి ఇంతే. స్ప్రింగు గట్టిదైతే డ్రిల్లు ఎముక నడుమ మెత్తని చోటే ఆగి మొరాయించేది. మెత్తదైతే ఆగాల్సిన చోట ఆగక గుడ్డులో మునిగి సొన చిమ్మేది. సొన చిమ్మినప్పుడల్లా ఆయన కళ్ళు నా కాళ్ళ మీదికి పోయి, మళ్ళీ గుడ్డు మీదికి వచ్చేవి. ఓడిపోయిన గుడ్లను నా భార్య ఈరమ్మ గిన్నెలోకి ఎత్తుకునేది.

“ఈ డాక్టరప్ప పుణ్యాన మా ఇంట్లో ఆదివారం అట్టుకు కొదవ లేదు. తొందరగా గెలవొద్దప్పా!” అనేది.

ఆయన నవ్వేవారు. ఆయన నవ్వగా నేను చూసిన చోటు అదొక్కటే.

గుడ్ల తర్వాత మాంసం అంగడి నుంచి గొర్రె వెన్నెముకలు. ఏళ్ళు గడిచాయి. ఒక ఆదివారం పెంకు గుండ్రంగా ఊడి వచ్చింది. కింద పొర తెల్లగా, చెక్కు చెదరకుండా మిగిలింది. ఇంకోటి తీశారు, అదీ అంతే. ఆ పూట ఈరమ్మ గిన్నె ఖాళీగా ఉంది. ఆయన మాత్రం సంతోషించలేదు. “నా ఒక్కడి చేతిలో ఉంటే ఏం లాభమండీ? అందరూ వాడాలి. వాడాలంటే, మా చెయ్యి కూడా జారుతుందని అందరూ ఒప్పుకోవాలి. ఎవరో ఒకరు ముందు ఒప్పుకోవాలి కదా” అన్నారు.

అందుకే ఊళ్ళోని డాక్టర్లందరినీ ఒక హోటలు హాల్లోకి పిలిచారు. నన్నూ రమ్మన్నారు. “మీరేమీ ఉపన్యసించక్కర్లేదు. అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి, చాలు.” సరేనన్నాను. గంజి పెట్టిన చొక్కా తొడుగుతూ ఈరమ్మ, “ఎలుగొడ్డును ఇంటికాడ ఇడిచిపెట్టి పో” అంది. దానికీ సరేనన్నాను.

హాల్లో డాక్టరుగారు డ్రిల్లు బల్ల మీద పెట్టి, నా కుర్చీ పక్కన నిలబడి, “ఈయన్ని చూడండి. ఈయన కాళ్ళు...” అని మొదలుపెట్టారు. అక్కడితో ఆగి తల వంచుకున్నారు. అంతమంది ముందు, ఆయన చేత చదువు చెప్పించుకున్న కుర్రవాళ్ళ ముందు, ఆ తల అలా వంగడం నేను చూడలేకపోయాను. ముందు వరుసలోని పెద్ద డాక్టరొకాయన నా వైపు తిరిగి, “ఏమైందప్పా నీకు?” అని అడిగాడు.

“సండూరు గుట్టలో ఎలుగొడ్డు, సార్” అన్నాను.

నోరు దానంతటదే తిరిగింది. ఎదురు నెట్టేది ఏదీ లేకపోయింది, ఆగాల్సిన చోట ఆగలేదు. హాలు గొల్లుమంది. నేను ఎలుగుబంటి ఒంటికన్ను దాకా వెళ్ళాను. డాక్టరుగారు “కాదండీ, అది నా చెయ్యి...” అంటూనే ఉన్నారు. పెద్ద డాక్టరు ఆయన భుజం తట్టి, “ఇరలి బిడి, పోనీండి డాక్టర్, మీ పెద్దమనసు మాకు తెలీదా?” అన్నాడు. అందరి ముఖాల్లో నవ్వుతో పాటు ఇంకొకటి కూడా కనిపించింది. అది తెరిపి. ఎవరి చెయ్యీ జారలేదు, ఎవరూ ఏమీ ఒప్పుకోనక్కర్లేదు. టీ వచ్చింది. డ్రిల్లును చేతిలోకి తీసుకుని చూసినవాడు లేడు.

నన్ను తన కారులోనే ఇంటికి తీసుకొచ్చారు. మా సందు మలుపు దగ్గర ఆయనే అన్నారు: “మీరు నా పరువు నిలబెట్టారు లింగప్పగారూ. నేను దాన్ని పోగొట్టుకుందామనే వెళ్ళానండీ.”

ఆ తర్వాతి ఆదివారం కూడా వచ్చారు. మళ్ళీ సోడాల పెట్టె మీదే కూర్చున్నారు. ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. తన ఆపరేషన్లన్నిటికీ ఆ డ్రిల్లే వాడారు. ప్రతి రోగికీ ముందుగా, “నా చెయ్యి ఒకసారి జారింది, అందుకని ఇది” అని చెప్పి మరీ వాడారు. వాళ్ళూ దాన్ని ఆయన పెద్దమనసు కిందే జమకట్టారు. దాన్ని పదిమందికి అందేలా తయారుచేయాలంటే వేరే డాక్టర్ల మాట కూడా కావాలంది వైద్య పరికరాల కంపెనీ. ఆ మాట ఇవ్వవలసినవాళ్ళు నా ఎలుగుబంటికి నవ్వి ఇళ్ళకు పోయారు. ఆ విధంగా అది లోకంలో ఒక్కటిగానే మిగిలిపోయింది.

శనివారం గాంధీనగర్‌లో సంతాప సభ. పటానికి నిలువెత్తు పూలమాలలు. వక్తలందరిదీ ఒకే మాట: ‘జన్మలో ఒక్కసారైనా జారని చెయ్యి’. వింటుంటే నా ఒళ్ళు చచ్చిపోయింది. నడుము కింద ఎప్పుడో చచ్చింది, ఆనాడు మిగిలిందీ చచ్చింది. చివర్లో ఎవరో, “లింగప్పా, ఎలుగొడ్డు కత చెప్పప్పా, సారుకు శానా ఇష్టం!” అన్నారు. మైకు నా చేతికొచ్చింది.

చెప్పాను. ఎలుగుబంటి లేదని, డాక్టరప్ప చెయ్యి జారిందని, మరుసటి పొద్దున వచ్చి నాతో తనే ఆ మాట చెప్పాడని, ఆ సిగ్గులోంచే ఈ డ్రిల్లు పుట్టిందని. నా జన్మలో ఒక్క రంగు పులమకుండా చెప్పిన కథ అది. ఆపైన వెనక వరుసలోంచి, “యప్పా, ఏం కత కట్టినాడు చూడు! సచ్చినోన్ని గూడా ఇడ్సిపెట్టడు!” అని ఒక గొంతు. నవ్వులు. చప్పట్లు. మైకు తీసేసుకున్నారు.

నవ్వనిది ఒక్క అన్నపూర్ణమ్మగారే, డాక్టరుగారి సతీమణి. సభ ముగిశాక నా దగ్గరికి వచ్చి, డ్రిల్లు పెట్టె నా ఒళ్ళో ఉంచారు. “రేపు ఆదివారం కదండీ. ఆయన రాలేరు. గుడ్లు మీ దగ్గరే ఉంటాయి” అన్నారు.

మరునాడు దాన్ని ప్లగ్గులో పెట్టాను. అన్నేళ్ళూ చూడటమే గానీ నేనెన్నడూ పట్టుకోలేదు. నా చెయ్యి వణికింది. వణికే చేత్తోనే గుడ్డు మీద ఆనించి నొక్కాను. పెంకు కరకరమంది. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. నేను ఆపలేదు. పెంకు ముక్క ఊదేస్తే కింద పొర, నిండుగా, సన్నగా అదురుతూ, దీపం వెలుగు లోపలికి తీసుకుంటూ. గిన్నె పట్టుకుని నిలబడ్డ ఈరమ్మ వంగి చూసి, “నువ్వు చేసినా నిలిచిండాదే!” అంది. అని, గిన్నె కింద పెట్టి ఏడ్చింది.

ఓ మహనీయుడా, నీ కీర్తిని నిలబెట్టబోయి నీ ప్రాయశ్చిత్తాన్ని దొంగిలించినవాణ్ణి. నీలాంటి వైద్యుడు ఈ గడ్డ మీద మళ్ళీ పుట్టవచ్చు. తన తప్పును నీలా పదిలంగా కాపాడుకున్నవాడు మాత్రం మళ్ళీ పుట్టడు.

ఊళ్ళోని డాక్టర్లకు ఒక మనవి. నా మాట నమ్మనక్కర్లేదు. నమ్మకపోవడానికి మీకు తగినంత కారణం ఉంది. బ్రూస్‌పేటలో నా అంగడికి రండి. డ్రిల్లు ఉంది, గుడ్లు ఉన్నాయి, కూర్చోవడానికి సోడాల పెట్టె ఉంది. మీ చేత్తో మీరే నొక్కి చూడండి. ఎవరి చెయ్యి ఎంత గొప్పదైనా సరే, ఈ డ్రిల్లు ఆగాల్సిన చోట ఆగుతుంది. అబద్ధాలాడేవాడి చేతిలోనే ఆగింది.

సండూరు గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నమాట నిజమే. అవి నన్నేమీ చేయలేదు.