ముసునూరు చివరి తోట దాకా సిగ్నల్

"సహకారం అనేది కాగితం మీద బాగుంటుందమ్మా, తోటల్లో కాదు" అన్నారు మా డిపార్ట్‌మెంటులో ఒక పెద్దాయన. ఆ మాటే నన్ను శనివారం పొద్దున్నే విజయవాడ బస్టాండుకు తరిమింది. నేను వైర్‌లెస్ నెట్‌వర్కుల మీద పరిశోధన చేస్తున్నాను. ఒక పెద్ద టవరు గొంతు చించుకునే బదులు చిన్న చిన్న పెట్టెలు ఒకదాని కబురు ఇంకొకటి అందుకుని ముందుకు పంపితే, తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పోవచ్చన్నది నా వాదన. ముసునూరు దగ్గర మామిడి తోటల్లో, చెట్ల మొదళ్ళలో తడి కొలిచి పంపే అలాంటి పెట్టెలు మూడు పెట్టి నెల దాటింది. చివరి తోట కబుర్లలో సగం కూడా రోడ్డుకు చేరడం లేదు. ఆ రోజు సాయంత్రం నాలుగు లోపు గంటసేపు తెగకుండా రీడింగులు చూపించాలి. లేకపోతే డిపార్ట్‌మెంటు వాళ్ళు పెట్టెలు పీకేసి రోడ్డు పక్కన ఒకే యాంటెన్నా స్తంభం పాతేస్తారు. దాని సిగ్నల్ చివరి తోటకు అందదని వాళ్ళకూ తెలుసు. "ఒక్క తోటేగా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆరుంపావు బస్సెక్కి హనుమాన్ జంక్షన్‌లో దిగాను. లారీల హారన్ల మధ్య నిలబడే ఇడ్లీ తిని నూజివీడు బస్సు అందుకున్నాను. నూజివీడు నుంచి ముసునూరు వైపు షేర్ ఆటోకి ముప్ఫై రూపాయలు తీసుకున్నారు. జనం నిండితేగాని అది కదలదు, కాబట్టి ఒక అరగంట చేతిలో ఉంచుకోండి. నా సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన యాంటెన్నా చూసి డ్రైవరు అడిగాడు.

"టవరు పెడతారాండీ?"

"టవరు అక్కర్లేదని చెప్పడానికి వెళ్తున్నానండీ."

"అయితే మీ మాట ఎవరూ వినరు లెండి. జనానికి కంటికి కనపడేదేదో ఒకటి ఉండాలి" అని నవ్వేశాడు.

ఊరు దాటాక మట్టిరోడ్డు మీద పావుగంట నడిచాను. మార్చి నెల కదా, బంగినపల్లి కాయలు నిమ్మకాయంత అయ్యాయి. ఇప్పుడు తడి తగ్గితే రాలిపోతాయి. చివరి తోట రత్నకుమారి గారిది, రెండెకరాలు. ఆవిడ ఊళ్ళో బడిలో టీచరు. పగలంతా పిల్లలతోనే సరిపోతుంది కాబట్టి, చెట్ల మొదళ్ళలో తడి ఎంత ఉందో ఫోనులో కనపడితేనే ఆవిడకు ఉపయోగం. ఆ రోజు బడికి సెలవు పెట్టారు. గేటు దగ్గర ఎదురొచ్చి, పలకరింపు కూడా లేకుండా, రాలిన పిందెలు దోసిట్లో పోసి చూపించారు.

"నెల నుంచి మీ పెట్టెను నమ్ముకున్నానండీ. ఇదిగో ఫలితం."

సిగ్గేసింది.

లాప్‌టాప్ తెరిస్తే తప్పెక్కడుందో తెలుస్తూనే ఉంది. ఆవిడ పెట్టె నుంచి కబురు పక్క తోట సత్యనారాయణ గారి షెడ్డులోని రెండో పెట్టెకు పోవాలి. అది దగ్గరే. అక్కడి నుంచి పదెకరాల ముదురు రసాల చెట్లు దాటి, రోడ్డు పక్కన ఉమ్మడి బోరు దగ్గరున్న మూడో పెట్టెకు చేరాలి. అక్కడి నుంచే ఫోనుకు పోతుంది. కష్టమంతా ఈ మధ్య పెట్టెదే. కానీ బిగించిన రోజు "కరెంటు ఖర్చు అందరికీ సమానంగా పెట్టండి మేడంగారూ, తేడాలొద్దు" అని సత్యనారాయణ గారు అంటే, న్యాయంగానే ఉంది కదా అని సరేనన్నాను. దాంతో సోలార్ పలక మీద నీడ పడే రత్నకుమారి గారి పెట్టె అవసరానికి మించి కరెంటు ఖర్చుపెట్టి మధ్యాహ్నానికే చచ్చిపోతోంది. మధ్య పెట్టె బలం చాలక చెట్ల మధ్యనే చతికిలబడుతోంది. రెండు చివర్లా తగ్గించి ఆ మిగులు మధ్య పెట్టెకు ఇస్తే మొత్తం ఖర్చు పైసా పెరగదు. అయితే మాటిచ్చాను గనక ఆయన్ని అడగకుండా మార్చలేను.

రత్నకుమారి గారు పెట్టిన మామిడికాయ పప్పు తిని ఇద్దరం ఆయన షెడ్డుకు వెళ్ళాం. విషయం వినగానే ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఆ పెట్టె బ్యాటరీతోనే మా షెడ్డులో లైటు వెలుగుతోంది మేడంగారూ. వాళ్ళ కబురు మోయడానికి నాది ఎందుకు తగలెయ్యాలి? సమానం అన్నాక సమానమే."

నేను లెక్కలు మొదలుపెట్టబోయాను. రత్నకుమారి గారు నన్ను ఆపారు.

"సత్యనారాయణగారూ, బోరు నీళ్ళు నా వంతుకి ఎప్పటినుంచి లెక్కేస్తారు?"

"మీ తోట గట్టు తాకినప్పట్నుంచి."

"మోటారు వేసినప్పట్నుంచి కాదుగా?"

"అదెలా కుదురుద్ది టీచరమ్మా? బోదెలో నీళ్ళు అంత దూరం పారడానికే అరగంట పడుద్ది. ఆ అరగంట మీ వంతులో కోస్తే అన్యాయం కాదూ?"

"మరి కబురుకి మాత్రం దారి ఖర్చు ఉండదా అండీ?"

ఆయన తలెత్తి రేకుల మీదున్న సోలార్ పలకను చూశారు. "సర్లెండి, మార్చండి. లైటు ఆరిందంటే మాత్రం నేనే పీకేస్తా."

రెండూ నలభైకి మార్చాను. మూడు దాకా చూసుకుని, అక్కడి నుంచి లెక్క పెట్టాం. నిమిషానికో రీడింగు. నలభయ్యో నిమిషంలో గాలి లేచి కొమ్మలన్నీ ఊగాయి. రీడింగు మాత్రం ఆగలేదు. నాలుగయ్యేసరికి అరవైకి అరవై వచ్చాయి. షెడ్డులో లైటు వేసి చూపించాను, నిక్షేపంగా వెలిగింది. సత్యనారాయణ గారి ముఖం విప్పారింది.

"పోన్లే టీచరమ్మా, మీకోసం మా బ్యాటరీ ఇచ్చాం."

"ఇచ్చామనకండి" అన్నారావిడ, ఫోనులోంచి తలెత్తకుండానే. "నీళ్ళొస్తే ఇచ్చారంటున్నామా? నా వంతు నాకొచ్చింది."

తిరుగు బస్సులో ఆ అరవై రీడింగులూ డిపార్ట్‌మెంటుకు పంపించాను. సహకారం తోటల్లో పనిచేయకపోవడం కాదు, తోటల్లో ఎప్పట్నుంచో ఉన్న సహకారం నా డిజైన్‌లో లేదు. సమానంగా పంచితే న్యాయం చేసినట్టేనని నెల రోజులు నమ్మిన తప్పు నాది. దానికి ఆవిడ పిందెలు రాలాయి. ఆ తప్పు ఒప్పుకుంటాను, స్తంభానికి మాత్రం ఒప్పుకోను. పెట్టెలు పీకడానికి ఎవరైనా వస్తామంటే రమ్మనండి. ముందు రత్నకుమారి గారి గేటు దాటాలి.

ఇలాంటి పని మీద ఆ వైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. రోడ్డు పక్క తోటలో సిగ్నల్ చూసి సంబరపడి వెనక్కి రాకండి. ఎండెక్కకముందే చివరి తోట దాకా నడిచి, పని అక్కడి నుంచి మొదలుపెట్టండి.